ఇరవై తెత్రీలు

గ్ల్దానీ పేటలో మా భవనం లిఫ్టుకి ఆకలెక్కువ.
ఎక్కాలన్నా దిగాలన్నా
ఇరవై తెత్రీల బిళ్ళ మింగితే గానీ కదలదు.
తెత్రీ అంటే మా జార్జియాలో చిల్లర,
తెలుపు అని కూడా.
ఒక్క ముందుకాలికి తెల్లమేజోడు తొడుక్కుని
తక్కిన ఒళ్ళంతా బొగ్గు పులుముకొచ్చిన దానికి
ఇంకేం పేరు పెడతాను?

"ఎనిమిది వారాల పసిది, నజిబ్రోలా గారూ,"
అంది పశువుల డాక్టరు ఖాతునా.
"రెండు గంటలకోసారి కిందకి దింపండి.
ఎప్పుడూ ఒకే చోటికి.
బోను తలుపు తెరిచే ఉంచండి, ముద్ద లోపలే పెట్టండి.
కోపమొచ్చి మాత్రం అందులోకి తోయకండి.
ఒక్కసారి శిక్ష అయిందా,
ఇక అది ఇల్లవదు."

పాత సామాన్ల సంతలో బేరమాడి తెచ్చిన ఇనప బోను.
దాని ముందు నేనే కాసేపు కూలబడ్డాను.
ముప్ఫై ఒక్కేళ్ళు నాటకశాలలో
వేదిక కింద చెక్కపెట్టె నా కొలువు.
మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని
రాజులు మరిచిపోయిన మాటల్ని
రాజుల చెప్పుల దగ్గర పెట్టేదాన్ని, గుసగుసగా.
పాపం, ఊపిరాడుతుందా అని జాలిపడేవారు.
ఆడేది.
బయటే ఆడేది కాదు, ఆ రోజుల్లో, మా ఇంట్లో.
ఆ సంగతి ఇప్పుడొద్దు.

బోనులో పాత తెర ముక్క పరిచాను, ముదురెరుపు మఖమలు.
మొదటిరోజు ముందుకాళ్ళు లోపల, వెనకకాళ్ళు బయట,
అప్పిచ్చినవాడింట్లో భోంచేసినట్టు
గబగబా తిని వచ్చేసింది.

రాత్రయితే ఒకటే ఏడుపు.
కింద ఎనిమిదో అంతస్తులో షాల్వా
వేడినీళ్ళ గొట్టం మీద గరిటెతో కొట్టాడు.
ఆరేళ్ళ కిందట నా స్నానాలగది వాళ్ళ కప్పులోకి కారింది.
అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు,
ఉన్నదంతా గొట్టమే.
నేల మీద పడుకుని ఊచల్లోంచి వేలు పెట్టాను.
పాలపళ్ళతో నమిలింది, నమిలి నమిలి
వేలు నోట్లోనే ఉండగా నిద్రపోయింది.

మూడింటికి
రాత్రిగౌను మీద కోటు, కోటులో కుక్కపిల్ల, గుప్పిట్లో బిళ్ళ.
గరాజుల వెనక మంచు.
తెత్రీ మంచుని అక్షరమక్షరం చదివింది.
పోయలేదు.
ఇద్దరం వణికాం. పోయలేదు.
తిరిగొస్తుంటే ఏడో అంతస్తు దాటాక
నా గుండెల మీద వెచ్చగా.
అరవకూడదంది డాక్టరు.
అరవలేదు.
లోపల్లోపల మాత్రం ఒక అంకమంతా అరిచాను.

ఇలాగే ఏడు రాత్రులు.
ఎనిమిదో రాత్రి గాజుగ్లాసులో బిళ్ళలు అయిపోయాయి.
మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లు దిగుతుంటే
ఎనిమిదో అంతస్తు తలుపు తెరుచుకుంది.
బనీను మీద షాల్వా.
నన్ను చూశాడు, కోటులోంచి పొడుచుకొచ్చిన చెవిని చూశాడు.
లోపలికెళ్ళి రెండు బిళ్ళలు తెచ్చి చేతిలో పెట్టాడు,
దిగడానికొకటి, ఎక్కడానికొకటి.
పైకొస్తుంటే ఎనిమిది దగ్గర లిఫ్టు ఆగింది.
అతనే ఆపాడు.
"పోసిందా?"
"పోసింది."
"మంచిది."
తలుపులు మూసుకున్నాయి.
ఆరేళ్ళ తర్వాత మాకు కుదిరిన సంభాషణ అంతే.
ఇప్పుడు మెట్ల మీద ఎవరెదురైనా అదే అడుగుతున్నారు,
రొట్టెలమ్మే మాక్వాలా సహా.

నిన్న రాత్రి పిలవకుండానే బోనులోకెళ్ళి
మూడుసార్లు గుండ్రంగా తిరిగి
మఖమలులో ముక్కు దోపి పడుకుంది.
మూడింటికి నాకు మెలకువ వచ్చింది.
దానికి రాలేదు.
తలుపు బార్లా తెరిచే ఉంది.
పక్కన నేల మీద నేను,
వేడెక్కిన బిళ్ళ గుప్పిట్లో పట్టుకుని,
ఎవరూ మరిచిపోని మాట కోసం
పెదాలు సిద్ధం చేసుకుని.